నీటి నడక – మీనుల నడవడి

    

ఈ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరినప్పుడు, మేము విద్యాభివృద్ధిని గూర్చియో సంఘైక్యమును గూర్చియో ప్రసంగింతుమని వారు తలచియుందురు. సంస్కృతము చదివికొని, బడిలో పాఠములు చెప్పుచు తల నెఱసిన మావంటివారినుండి సభ యట్టి మాటలనే యెదురుచూచుట సహజము. కాని యీ యేడు మేము చేపను గూర్చి మాటలాడ నిశ్చయించుకొంటిమి. చేపపిల్లకు ఈత నేర్పవచ్చిన పంతులని పెద్దలు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. వల వేయుట మీకు మేము నేర్పజాలము. మన తాతలు వల వేసిన యేఱు నేడు ఏఱుగా లేదు, అది జలాశయమైనది. దాని నీరు వానకు పెరిగి యెండకు తరుగుట మాని, తలుపులు తెఱచిన పెరిగి, మూసిన తరుగుచున్నది. ఈ మార్పు చేప నడవడి నెట్లు మార్చినదో తెలిసికొనక మన బ్రతుకుతెరువు నిలువదు. అందువలన ఈ విషయమును గ్రహించితిమి.

మేము చెప్పదలచినది ఒక్కటే. నీరు చేపకు ఇల్లు మాత్రమే కాదు. నీటి నడక చేపకు పంచాంగము. ఎప్పుడు కదలవలెనో, ఎటు పోవలెనో, ఎప్పుడు గ్రుడ్లు పెట్టవలెనో ఆ పంచాంగమును చూచియే చేప తెలిసికొనును. పూర్వ మా పంచాంగమును మేఘుడు వ్రాసెడివాడు. నేడు ఆనకట్ట తలుపుల యొద్దనున్నవారు వ్రాయుచున్నారు. కావున ఆ క్రొత్త పంచాంగమును చదువ నేర్చుకొనుటయు, దానిని వ్రాయువారి చెవిని మన మాట వేయుటయు మనకు కర్తవ్యములు.

ముందుగా చేపకు నీటి నడక యెట్లు తెలియునో విచారింతము. చేప ప్రక్కలను తలనుండి తోకవఱకు సన్నని గీత యొకటి కనబడును. శాస్త్రజ్ఞులు దానిని పార్శ్వరేఖ యందురు. ఆ గీత వెంట సూక్ష్మరంధ్రములును, వాని క్రింద నీటి కదలికను గ్రహించు సన్నని కేశములవంటి యింద్రియములును గలవు. నీరు ఏ దిక్కునుండి యెంత వేగముతో వచ్చుచున్నదో, దాపున కదలునదేదో చేప దానిచే నెఱుగును. చీకటియందును బురదనీటియందును కన్ను పనిచేయకున్నను ఈ గీత పనిచేయును. ప్రవాహమునకు ముఖము త్రిప్పి నిలుచుట అనేక జాతుల చేపలకు పుట్టుకతో వచ్చిన గుణము. దీనినే మనము ఎదురీత యనుచున్నాము. సంస్కృతమున ప్రతిస్రోతోగమన మనవచ్చును.

మన పూర్వులు దీనిని గమనింపక పోలేదు. అమరకోశము వారివర్గమున రోహితము, శకులము, తిమి మొదలగు మత్స్యనామము లున్నవి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఆహారద్రవ్యములను వర్ణించు పట్టున, ఏటి చేపలకు నడుము బరువనియు, అవి నోటితోడను తోకతోడను సంచరించుట యందులకు హేతువనియు, కొలనులయందును చెఱువులయందును పుట్టినవానికి తల తేలికయనియు చెప్పబడినది. నీరు పాఱుచున్నదా, నిలిచియున్నదా యనుదానిని బట్టి మీనము యొక్క శరీరమే వేఱుపడునని ఆ వైద్యుడు గ్రహించెను. అది చాల గొప్ప పరిశీలనము.

ఇక మన జలాశయములలో ముఖ్యమైన చేపల సంగతి. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడును ఒక కుటుంబములోనివి. బొచ్చె నీటి పైభాగమున తేలెడి సూక్ష్మజీవులను తినును; శీలావతి నడిమి నీటిలో మేయును; ఎఱ్ఱమోసు అడుగున బురదలో ఆహారము వెదకును. మూడు పొరలలో ముగ్గురు తోబుట్టువులు కలహము లేక కాపురము చేసినట్లుండును. ఈ మూడింటికి మఱియొక సామాన్యగుణము కలదు. నిలిచిన నీటిలో నివి పెరుగునుగాని సంతానమును కనవు. ఆషాఢ శ్రావణములయందు తొలి వఱద వచ్చి, నీరు చల్లబడి, మట్టిరంగు తిరిగి, వేగము పుంజుకొన్నప్పుడే ఇవి యేటి పైకి ఎదురీది, గట్లు పొరలిన పల్లపు నేలలయందు గ్రుడ్లు విడుచును. ఒక్క తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లకు జిగురు లేదు. అవి గడ్డినిగాని రాతినిగాని అంటుకొనక నీటి వెంట కొట్టుకొనిపోవుచు, సుమారు 15 మొదలు 20 గంటలలో పగిలి పిల్లలగును. ఆ కొద్ది గంటలును నీరు నడచుచుండవలెను. మధ్యలో నీరు వెనుకకు తీసిన గ్రుడ్లు మెట్టపట్టి యెండిపోవును. బంగారుతీగ యని మనము పిలుచు చేప వీనికి భిన్నమైనది. అది నిలిచిన నీటిలోనే ఒడ్డునగల గడ్డికి జిగురుగ్రుడ్లు అంటించును. దానికి వఱద అక్కఱలేదు. నీటిమట్టము కొన్నిదినములు కదలకుండిన చాలును.

వఱద లేనిదే గ్రుడ్లు పెట్టని చేపలను మనుష్యుడు తన చేతితో గ్రుడ్లు పెట్టించిన సంగతి చిత్రమైనది. 1957 జూలై 10 వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ అను చోట హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు, చేప తలలోని పీయూషగ్రంథి రసమును తల్లిచేపలకు సూదిద్వారా ఎక్కించి, మన దేశపు పెద్దజాతి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. వఱద యొక్క స్పర్శ చేప శరీరమున రేపెడి రసమునే ఆయన బయటినుండి ఇచ్చెనన్నమాట. నేడు జలాశయములలో విడుచు పిల్లలు ఆ విద్య యొక్క ఫలములే. అయినను ఏటేట పిల్లలను కొని విడువవలసివచ్చుటలో ఒక లోతైన అర్థ మున్నది. జలాశయమున తల్లు లున్నవి. కాని వానికి పుట్టిల్లు లేదు.

ఇప్పుడు ఆనకట్ట కట్టిన యేటిని చూతము. మన కృష్ణనే తీసికొందము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4 వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. దాని పూర్తి నీటిమట్టము 590 అడుగులు. పైనున్న తలుపులు 26. దాని కెగువన శ్రీశైలము. అక్కడి పూర్తి మట్టము 885 అడుగులు, తలుపులు 12. శ్రీశైలమున విడిచిన నీరే సాగరమునకు వఱద. అనగా సాగరములోని చేప యెదురుచూచు తొలకరి, ఆకాశమునుండి గాక శ్రీశైలపు తలుపులనుండి వచ్చుచున్నది.

ఇట్టి జలాశయమును మూడు ఖండములుగా భావింపవచ్చును. నది వచ్చి కలియు తలభాగ మొకటి. అక్కడ నీటికి ఇంకను నడక యుండును. మధ్యభాగ మొకటి, అక్కడ నడక మందగించి ఒండ్రు క్రిందికి దిగును. ఆనకట్టకు చేరువనున్న లోతైన భాగము మూడవది. అక్కడ నీరు నిద్రించినట్లుండును. తొలి వఱద రాగానే కడుపుతోనున్న శీలావతులును ఎఱ్ఱమోసులును తలభాగమునకు పరుగెత్తుటకు కారణ మిదియే. మన పెద్దలు శాస్త్రము చదువకయే పుట్లెక్కి అటు పోవుదురు. కాని పట్టుటకు సులభమైన ఆ దినములే వంశము నిలుచుటకు ముఖ్యమైన దినములు. ఈ మాట మీరు మనస్సున నుంచుకొనుడు; మరల వత్తుము.

గ్రీష్మకాలమున లోతైన భాగమునందు నీరు పొరలుగా విడును. ఎండకు కాగిన పైనీరు తేలికయై పైననే యుండును. అడుగునీరు చల్లనై బరువై క్రింద నుండును. రెండును కలియక పోవుటచే పైనుండి ప్రాణవాయువు క్రిందికి దిగదు. అడుగున కుళ్లెడి ఆకులును బురదయు ఉన్నదానిని హరించును. అప్పుడు అడుగున మేయు ఎఱ్ఱమోసు సైతము పైకి తేలి, ఒడ్డుల వైపు జరుగును. గాలి గట్టిగా వీచి పొరలు కలిసినచో చేపలు మరల చెదరును. నిన్న నిండిన వల నేడు ఖాళీగా వచ్చుటకు అదృష్టము మాత్రమే కారణము కాదు. నీటి లోపలి నడకయు కారణము.

ఇక నీటిని విడుచు విధములు. పైతలుపులు ఎత్తి విడుచుట ఒకటి, విద్యుద్యంత్రముల ద్వారా లోతునుండి విడుచుట రెండవది, కాలువలకు విడుచుట మూడవది. మూడింటి ఫలములు మూడు విధములు.

తలుపులు ఎత్తినప్పుడు జనులు వేలకొలది పోయి నురుగును చూచి సంతోషించి వత్తురు. నీటి క్రింద జరుగునది వారికి కనబడదు. పైపొరలో తిరుగు బొచ్చెలును, క్రొత్తగా విడిచిన చిన్నపిల్లలును ఆ నీటితో దిగువకు కొట్టుకొనిపోవును. ఎత్తునుండి పడు నీరు గాలిని లోతునకు కొనిపోగా, ఒత్తిడిచే ఆ వాయువు మితిమీరి కరగును. అట్టి నీటిలో చిక్కిన చేపల రక్తనాళములలోను రెక్కలలోను బుడగలు పుట్టి ప్రాణాపాయము కలుగును. అమెరికాలోని కొలంబియా నదిమీది ఆనకట్టల దిగువన ఈ వ్యాధిని 1960 వ దశకమున విశేషముగ గుర్తించిరి.

విద్యుద్యంత్రములకు నీరు పైననుండి గాక క్రిందినుండి పోవును. చల్లనిదియు, ప్రాణవాయువు తక్కువైనదియు నగు నీరు దిగువ యేటిలో పడును. అంతకంటె ముఖ్యమైనది దాని కాలక్రమము. దీపముల వేళకు నీరు విడిచి, అక్కఱ తీరగానే ఆపుదురు. దిగువ నది ఒక్కదినములో ఉబికి, మరల కుంగును. ఉబికిన నీటితో ఒడ్డు గుంటలలోనికి వచ్చిన పిల్లచేపలు, కుంగినపుడు అందే చిక్కి చచ్చును. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములు 6 కలవు. అవి క్రిందినీటిని మరల పైకి తోడగలవు కూడ. నీరు ఒక వేళ క్రిందికి, మఱియొక వేళ పైకి నడచినచో, ఎదురీతయే ధర్మముగాగల చేప దేనికి ఎదురీదవలెను?

కాలువలకు నీరు విడుచుటచే మట్టము మెల్లమెల్లగా దిగును. 590 అడుగులుండవలసిన సాగరము ఎండకాలమునకు 510 అడుగుల దరిదాపునకు దిగిన సంవత్సరములున్నవి. పల్లపు ఒడ్డులయందు నీరు బహుదూరము వెనుకకు పోవును. గడ్డికంటిన బంగారుతీగ గ్రుడ్లు ఎండును. పిల్లలకు దాగుచోటు తప్పును. చేపలన్నియు మిగిలిన నీటిలో గుమిగూడును. అప్పుడు వల బరువెక్కును. ఆ బరువును చూచి సంపద పెరిగినదని మురియరాదు. అది యింటిలోని విత్తనపు గింజలను వండుకొని కడుపు నిండినదనుట వంటిది. అయినను ఈ దిగుటలో ఒక మేలును కలదు. ఎండిన నేలపై మొలచిన గడ్డి మరుసటి వఱదలో మునిగి కుళ్లి, సూక్ష్మజీవులకు ఎరువై, చేపలకు మేత యగును. కావున మట్టము దిగుటయే దోషము కాదు. దిగు వేగమును, దిగు ఋతువును దోషమగుచున్నవి.

ఆనకట్ట దిగువకు వత్తము. ఇక్కడ గోదావరిని స్మరింపక తీరదు. పుస్తె లమ్మియైనను పులస తినవలెనని మనవారి సామెత. సముద్రమున విలసయై తిరుగు చేప, వర్షాకాలమున గోదావరి యెఱ్ఱనీరు సముద్రమున కలియగానే ఆ తీపినీటి జాడ పట్టి, నదీముఖములనుండి పైకి ఎదురీది పులసయై పేరు మార్చుకొనును. ఆర్థరు కాటను దొర 1847 లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్టను ముగించెను. దాని స్థానమున కట్టిన క్రొత్త ఆనకట్ట 1982 లో పూర్తియైనది. డెల్టాకు అన్నము పెట్టిన ఆ నిర్మాణమును మేము నిందింపము. కాని పులస యాత్రకు అదియే పొలిమేర యైనది. కావేరిపై 1934 లో మెట్టూరు ఆనకట్ట పూర్తియైన పిమ్మట అక్కడి విలస వేట క్షీణించెను. గంగపై 1975 లో ఫరక్కా ఆనకట్ట పనిచేయనారంభించిన వెనుక, అలహాబాదువఱకు పోవుచుండిన ఆ చేప ఎగువ జాలరులకు ఇంచుమించు కానరానిదైనది. నీలకంఠపు రొయ్యది దీనికి విపరీతము. అది తీపినీటిలో పెరిగి, పిల్లలకొఱకు ఉప్పునీటి కయ్యలకు దిగవలెను. ఆ పిల్లలు మరల పైకెక్కవలెను. ఆనకట్ట దానికి రెండు ప్రయాణములను అడ్డగించును.

చేపలకు మెట్లదారి కట్టవచ్చునుగదా యని కొంద ఱడుగుదురు. కొలంబియా నదిపై 1938 నాటి బోనవిల్లు ఆనకట్టకు అట్టి దారులు కట్టిరి. అవి దుమికి పైకెక్కు సాల్మను చేపకు అనువైనవి. మన విలస దుముకునది కాదు. కావున ఒక దేశపు మెట్లను మఱియొక దేశపు చేపకు పెట్టిన ఫలింపదు. ఆ చేప యీతబలమును, కోరు ప్రవాహవేగమును కొలిచి కట్టవలెను. పోలవరము నిర్మాణపు రూపకల్పనయందు చేపలదారిని చేర్చుట మంచి శకునము. దానియందు ఋతువున తగిన నీరు నడచునట్లు చూచుకొన్నప్పుడే అది దారి యగును. లేనిచో అది రాతిమెట్లు మాత్రమే.

సోదరులారా! ఇంతవఱకు చెప్పినది విద్య. విద్యకు ఫలము ఆచరణము. మనవైపు మన మేమి చేయవలెను?

మొదటిది: తొలి వఱద వచ్చిన దినములలో జలాశయపు తలభాగమునను, ఆనకట్ట పాదమునను గుమిగూడిన తల్లిచేపలను పట్టకుండుట. పైకి పోలేక ఆనకట్ట క్రింద తల కొట్టుకొనుచున్న చేపను పట్టుట వేట కాదు. గుమ్మమున నిలిచిన చూలాలిపై చేయెత్తుట. సన్నకన్ను వలలును అట్లే విడువవలెను. ఆ దినములలో పూట గడువనివారికి సహకారసంఘములు అప్పో సాయమో యీయవలెను. ఆకలితో నున్నవానికి నీతి చెప్పి లేచిపోవుట పెద్దఱికము కాదు.

రెండవది: పిల్లలను విడుచు కాలమును స్థలమును ఎంచుకొనుట. తెలంగాణమున 2016 నుండి ప్రభుత్వమువారు ఉచితముగ చేపపిల్లలను పంచు పద్ధతిని ఆరంభించిరి. ఎక్కడివైనను, ఎవరిచ్చినను, తలుపులు ఎత్తబోవు వారమున ఆనకట్ట దాపున విడిచిన పిల్లలు మనవి కావు, దిగువవారివియు కావు, సముద్రమువి. నీరు పొరలుట తగ్గిన పిమ్మట, తలుపులకు దూరమైన మూలలయందు, గడ్డి మునిగిన ఒడ్డుల దగ్గఱ, కాస్త పెరిగిన పిల్లలను విడువవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టముచే కృష్ణా గోదావరులకు నదీ యాజమాన్య మండలు లేర్పడినవి. నీటి పంపకమున పొలము, త్రాగునీరు, విద్యుత్తు తమ తమ పద్దులతో నిలుచును. చేపకు పద్దు లేదు. మనము నీటిలో వాటా అడుగుట లేదు. చేప నీటిని త్రాగి తఱుగ జేయదు. విడుచు నీటినే క్రమముగ విడువుడని యడుగుచున్నాము: సంతానఋతువున ఒక్కమాఱుగా ఎత్తి ఒక్కమాఱుగా మూయక, మెట్లు మెట్లుగా పెంచి మెట్లు మెట్లుగా తగ్గింపుడని, విడువబోవు ముందు దిగువ పల్లెలకు వేళతో సహా తెలుపుడని. 2009 అక్టోబరు వఱదలో శ్రీశైలపు నీరు పూర్తి మట్టమును దాటి పైకి పోయిన నాడు కృష్ణ యెంతటిదో దిగువవారందఱు చూచిరి. అట్టి ఏడు కాకున్నను, కబురు లేక వచ్చిన చిన్న వఱద చాలును, పుట్టిలో నున్న యిద్దఱిని, ఒడ్డున కట్టిన వలలను కొనిపోవుటకు. చేపను కాచు క్రమమే మనుష్యుని కూడ కాచును.

అయితే ఉట్టిచేతులతో పోయి అడిగిన ఏ అధికారియు వినడు. కొలతతో పోవలెను. అందులకు మేమొక చిన్న పని సూచించుచున్నాము. ప్రతి జలాశయమున మన సహకారసంఘమువా రొక పుస్తకము పెట్టవలెను. దినదినమును నీటిమట్టమెంత, ఎంత నీరు వచ్చినది, ఎంత విడిచిరి, నీటి రంగేమి, ఏ భాగమున వల వేసితిమి, ఏ చేప ఎంత పడినది, కడుపుతో నున్నవెన్ని యని వ్రాయవలెను. మట్టమును రాకపోకలును ప్రభుత్వమువారే ప్రకటించుచున్నారు. తక్కినది మన కంటికి తెలిసినదే. చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. చూచిన పెద్దలు చెప్పుదురు. తాతకు తెలిసినది మనుమడు వ్రాసినచో అదియే శాస్త్రమగును. అయి దేండ్లు వ్రాసిన పుస్తకమును ఇంజనీరుల ముందుంచుడు. ఏ విడుదల చేపను పెంచినదో, ఏ విడుదల చంపినదో ఆ పుటలే చెప్పును. పోషక మహాశయులు ఈ సభకు పందిళ్లు వేయించినారు, భోజనములు పెట్టించినారు. ఈ పుస్తకములును, వ్రాయు పిల్లలకు కొంచెము వేతనమును కూడ దయచేయింతురని ప్రార్థించుచున్నాము. శిలాఫలకముపై పేరు కంటె ఆ పుటలలోని పేరు ఎక్కువ కాలము నిలుచును.

ఆనకట్టలు పోవలెనని మేము కోరము. అవి లేనిదే మన బిడ్డలకును అన్నము లేదు. ఏటి నడకను చేతిలోనికి తీసికొన్నవారు ఆ నడకపై బ్రతుకు ప్రాణులను తలచుకొనవలె నని మాత్రమే కోరుచున్నాము. తలచుకొనునట్లు చేయుట మన పని. నీటిని ఎఱిగినవాడు నోరు మెదపకున్న, నీటిని ఎఱుగనివాడే తలుపు త్రిప్పుచుండును.

 మన వలలు నిండుగాక! మన పిల్లల పలకలును నిండుగాక! వచ్చు వఱదలో తల్లిచేప లన్నియు క్షేమముగ ఎదురీదుగాక!

స్వస్తి.